రెండో బ్రేకు

కాలు కిందికి పోయింది. అలా పోకూడదు. సగం దాకా వెళ్ళి మొండికెయ్యాలి, ఆ మొండితనమే దానికి అందం, కానీ ఇప్పుడు నీళ్ళలో పెట్టినట్టు మెత్తగా అడుగుదాకా వెళ్ళిపోయింది. ఎదురుగా ఎర్ర దీపం, దాని కింద తెల్లగీత, గీత మీద ఒకే గొడుగులో ఇద్దరు మనుషులు, ఆగాం, ఎలా ఆగాం, కోడలే ఆపింది, తన బ్రేకు తను తొక్కి గీతకి ఇవతలే ఆపింది, నా వైపు చూడనైనా లేదు. అప్పుడు గుర్తొచ్చింది. రాత్రి మా ఆయన ఏదో చెప్పాడు. విరిగిన మణికట్టు దిండు మీద పెట్టుకుని ఏ పక్కకి తిరిగినా ప్రాణం పోతోంది నాకు, ఆయనేమో మంచం చివర కూర్చుని, ఆపరేషనైన కంటికి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, కడ్డీ అన్నాడు, కీలు అరిగిపోయిందన్నాడు, విప్పేశాను, వెల్డింగు షాపుకి ఇవ్వాలన్నాడు, నేను ఊఁ అన్నాను. మా కాపురంలో ఆయన చెప్పేవాటికి నేను ఊఁ అనడం మామూలే, ఆ ఊఁ ని ఆయన నమ్మడమూ మామూలే. డాక్టరు వంగొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు, ఈ మనిషి డాష్‌బోర్డు కింద తల దూర్చి చేత్తో తడుముకుంటూ కడ్డీ ఊడదీశాడన్నమాట. ఇంటికెళ్ళాక చెప్తా ఆయన సంగతి.

మాది డ్రైవింగు స్కూలు కారు. నేర్చుకునేవాళ్ళు కుడి సీట్లో, నేర్పే నేను ఎడమ సీట్లో, నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు. దాన్నుంచి ఒక ఇనప కడ్డీ అడ్డంగా వెళ్ళి అసలు బ్రేకుని పట్టుకుంటుంది, నేనిక్కడ తొక్కితే అక్కడ అదీ దిగుతుంది. ఆ కడ్డీ లేదు. నా కాలి కింద ఉన్నది బ్రేకు కాదు, బ్రేకు బొమ్మ. కోడలి బ్రేకుకి ఏ లోటూ లేదు, కారు లక్షణంగా ఉంది, లోటల్లా నాకే. పచ్చ దీపం పడింది, కోడలు మొదటి గేరు వేసింది, కాస్త కుదిపింది, ఏడాది తరవాత క్లచ్ మీద కాలు పెడితే కుదపదా మరి, కుదిపినందుకు నాలిక కరుచుకుంది, పెళ్ళైన కొత్తలో గ్లాసు పడేసినప్పుడు కూడా ఇలాగే కరుచుకుంది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి, అమ్మాయ్, పక్కకి ఆపు, నా బ్రేకు పనిచెయ్యట్లేదు అనాలి. అంటే ఆపుతుంది. ఆపితే మళ్ళీ కదలదు. కదలకపోతే పాప.

పాప, నా మనవరాలు, కొండ అవతల ఉంది, మేనమామ ఇంట్లో, సెలవులకి వెళ్ళింది. పొద్దున అతను కోడలికి ఫోను చేశాడు, అక్కా, కంగారు పడకు, జ్వరమే, డాక్టరుకి చూపించాం, మందేశాం, కానీ ఒకటే గొడవ, అమ్మ కావాలంటోంది, నీళ్ళు కూడా ముట్టట్లేదు అన్నాడు. వెనకనుంచి పాప గొంతు వినిపించింది, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు, కోడలు ఫోనుని చెవికి కాదు, చెంపకి ఆనించుకుంది. మా వాడు కరెంటు ఆఫీసులో పని, వాన పడిందంటే వాడు మనవాడు కాదు, ఏ స్తంభం మీద ఉన్నాడో. మా ఆయనకి కళ్ళు, నాకు చెయ్యి. రోడ్ల మీద ఇంతమందికి నేర్పి, ఒక్క గీత పడకుండా తిరిగొచ్చిన దాన్ని, స్నానాల గదిలో సబ్బు మీద కాలేసి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. టాక్సీలవాళ్ళు ఈ వానలో కొండ దారి మావల్ల కాదన్నారు. కోడలు గోడకి తగిలించిన తాళం తీసి చేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడింది, ఆ తాళానికి పాప కట్టిన నీలం పూస వేలాడుతోంది, తరవాత నన్ను చూసి అంది, "మీరు పక్కన కూర్చోండి అత్తయ్యా, చాలు. నేను తోల్తాను." నేనన్నాను, "నా కాలు బ్రేకు మీదే ఉంటుంది, నీకెందుకు భయం." ఎంత ధీమాగా అన్నానో.

సన్నగా పడుతోంది. ఇదే చెడ్డ వాన. జోరున కురిసేదానికి జనం భయపడతారు కానీ అసలు జారుడంతా మొదట పడే ఈ చినుకుల్లోనే, రోడ్డు మీది దుమ్మూ చమురూ కలిసి పాకుడులా తయారవుతాయి, గట్టిగా కురిసిందంటే అదే కడుక్కుపోతుంది. ఇది నేను చెప్పిచెప్పి నోరరిగిపోయిన పాఠం. చెప్పనా, వద్దు, దానికి తెలుసు, ముందు బస్సుకి బాగా ఎడం ఇచ్చింది చూడు, పొడి రోడ్డు మీద వదిలేదానికి రెట్టింపు వదిలింది, ఆ సందులో ఒక స్కూటరు దూరితే విసుక్కోకుండా మళ్ళీ వెనక్కి తగ్గింది. నేను నేర్పినవాళ్ళలో సగం మందికి అక్కడే పౌరుషం వచ్చేది. నా కోడలికి పౌరుషం లేదు, రోడ్డు మీద మటుకు. పెళ్ళైన వారానికే వచ్చి, అత్తయ్యా, నాకు కూడా నేర్పుతారా అని అడిగింది, ఫీజెంత అని కూడా అడిగింది, నేను నవ్వి, అరిస్తే అలగకూడదు, అదే ఫీజు అన్నాను. అరిచాను కూడా. అద్దం చూడవే, అద్దం నీ బొట్టు చూసుకోడానికి పెట్టలేదు అన్నాను. ఇంట్లో ఎప్పుడూ అనని 'వే' ఆ ఎడమ సీట్లో కూర్చుంటే వచ్చేసింది. అలగలేదు. ఇంటికొచ్చాక మామగారితో, అత్తయ్య ఇవాళ నన్ను మూడుసార్లు చంపి నాలుగుసార్లు బతికించారండీ అని చెప్పింది, ఆయన పడీపడీ నవ్వాడు, ఆ నవ్వుకే మా ఇంట్లో పిల్ల అయిపోయింది.

ఆ పిల్లే పోయిన వానల్లో, బడి నుంచి పాపని తీసుకొస్తూ, ఒక కుక్క అడ్డొస్తే బ్రేకు మీద నిలబడింది. తడి రోడ్డు మీద బ్రేకు తొక్కడం వేరు, బ్రేకు మీద నిలబడడం వేరు. కారు గిర్రున తిరిగి డివైడరుని కొట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు, వెనక సీట్లో బెల్టుతో కట్టేసిన పాప చేతిలో బిస్కట్టు పడిపోయింది, అంతే నష్టం. పాప చప్పట్లు కొట్టి, అమ్మా, ఇంకోసారి తిప్పు అందట. ఆ మాట చెప్పి మేమంతా నవ్వాం, కోడలు నవ్వలేదు, ఆ మాటకే రాత్రుళ్ళు లేచి కూర్చునేది, పిల్ల నన్ను నమ్మి నవ్వింది అత్తయ్యా అనేది. తరవాత తాళం గోడకి పోయింది. రా, కూర్చో, పద అని ఎందరినో లాక్కెళ్ళి కూర్చోబెట్టిన దాన్ని, సొంత కోడలి దగ్గర నోరు రాలేదు, బలవంతం చేస్తే నా మీద గౌరవం కొద్దీ కూర్చుంటుంది, గౌరవంతో బండి నడవదు.

ఊరు దాటాం. వాన ఊపందుకుంది, వైపర్లు టకటకా, ముందు లారీ, లారీ టైర్ల నుంచి లేచే నీళ్ళు మా అద్దం మీద దుప్పటి కప్పినట్టు పడుతున్నాయి, దాటెయ్యాలనిపిస్తుంది ఎవరికైనా, ఆ దుప్పటి భరించలేక దాటబోతారు, అవతల్నుంచి ఏమొస్తోందో కనపడదు. దాటకు తల్లీ, దాటకు. నోటితో అనలేదు, నా కాలే అంది, అడుగుదాకా పోయింది, లేచింది, మళ్ళీ పోయింది. ఈ కాలికి సిగ్గు లేదు. బస్సులో కూర్చున్నా తొక్కుతుంది, సినిమా హాల్లో తొక్కుతుంది, నిద్రలో తొక్కుతుంది, మా ఆయన దుప్పటి లాక్కుని, నన్నాపకు, నేను ఆగే ఉన్నాను అంటాడు. కోడలు దాటలేదు. వెనక్కి తగ్గింది, ఇంకా తగ్గింది, లారీ వాన తెరలో కలిసిపోయి రెండు ఎర్ర చుక్కలు మిగిలే దాకా తగ్గింది. ఫోను మోగింది, నేనే ఎత్తాను, మా ఆయన.

"ఎక్కడిదాకా వెళ్ళారు?"

"వెళ్తున్నాం."

"కోడలెలా తోలుతోంది?"

"మీకన్నా నయం."

"అవునుగానీ, ఆ కడ్డీ…"

"తెలిసింది లెండి," అని పెట్టేశాను. స్పీకరు పెట్టలేదు కానీ ఆయన గొంతు ఎక్కడ మాట్లాడినా సభలో మాట్లాడినట్టే ఉంటుంది. విన్నదా. లేదు, చూపు రోడ్డు మీదే ఉంది, స్టీరింగుని రెండు చేతులతో పట్టుకుంది, మరీ బిగించలేదు, నేను చెప్పినట్టు, గుడ్డు పట్టుకున్నట్టు.

ఇక్కడ రోడ్డు పల్లం. నీళ్ళు నిలిచాయి, ఇటు అంచు నుంచి అటు అంచు దాకా ఒకటే మెరుపు, వేగం తగ్గించి దిగాం, అయినా ఒక్క క్షణం స్టీరింగు తేలికైపోయింది, దాని చేతుల్లో చూశాను ఆ తేలికదనం, టైరు రోడ్డుని వదిలి నీళ్ళ మీద తేలితే కారు మనది కాకుండా పోతుంది, అప్పుడే అందరూ బ్రేకు తొక్కుతారు, అప్పుడే తొక్కకూడదు, తిప్పకూడదు, యాక్సిలరేటరు మీంచి కాలు తీసి ఊరుకోవాలి, ఊరుకోవడమంత కష్టం ఇంకోటి లేదు. నా నోరు తెరుచుకుంది. డివైడరు, కుక్క, గిర్రున తిరగడం, అన్నీ దానికిప్పుడు గుర్తొస్తున్నాయి, దాని మెడ మీద నరం లేచింది. కాలు తీసింది. ఊరుకుంది. కారు దానంతటదే నెమ్మదించి మళ్ళీ నేల మీదికొచ్చింది. ఊపిరి వదిలాం ఇద్దరం, అద్దాలకి ఆవిరి పట్టింది. నీళ్ళు దాటాక రెండుసార్లు మెల్లిగా బ్రేకు నొక్కి చూసుకుంది, తడిసిన బ్రేకుని ఆరబెట్టుకోవాలని నేనెప్పుడో ఒకసారి చెప్పి ఉంటాను, నాకే గుర్తులేదు.

కొండ మొదట్లో పెట్రోలు బంకు నీడకి తీసి ఆపింది, అద్దం తుడుచుకోడానికి. ఇంక చెప్పాల్సిందే. కొండ మీద మబ్బు దిగి ఉంది, చెట్లు సగం దాకే కనపడుతున్నాయి, ఆ తెల్లదనంలోకి ఒక మనిషిని అబద్ధం మీద ఎలా పంపుతాను. నా కాలు ఉందనుకుని వస్తోంది, లేదని దానికి తెలియాలి కదా, ఇది దాని ప్రాణం, దాని పిల్ల. చెప్తే వెనక్కి తిప్పుతుంది. వెనక్కి తిప్పితే మళ్ళీ ఈ జన్మలో తాళం ముట్టదు, పాప అక్కడ ఏడుస్తూ ఉంటుంది. చెప్పకపోతే, ఏమన్నా అయితే. నాకు ఏడుపొచ్చింది, నిజంగా, ఇన్నేళ్ళు ఆ పెడలు ఉందనే కదా నేను ధైర్యవంతురాల్ని, అది తీసేస్తే నేనూ ఒక ముసలి ప్రయాణికురాల్ని. "అమ్మాయ్," అన్నాను. కోడలు తడిచిన బట్ట పిండుతూ లోపలికి వంగి, నా మొహం కాదు, నా కాళ్ళ వైపు చూసింది.

"అంతసేపట్నుంచి కాలు అలాగే పెట్టుకుని ఉన్నారు. నొప్పెడుతుందేమో, కాసేపు తీసెయ్యండి అత్తయ్యా."

"ఫరవాలేదు, అలవాటే," అన్నాను. అంత ప్రేమగా అడిగినదానికి ఎలా చెప్పను, నీ అత్త కాలు ఉత్తుత్తి కాలని.

మబ్బులోకి ఎక్కాం. లోకం తెల్లగా అయిపోయింది. పెద్ద లైటు వేస్తే ఆ వెలుగంతా మబ్బుకి తగిలి మన కళ్ళలోకే తిరిగొస్తుంది, చిన్న లైటే వెయ్యాలి, వేసింది, కిటికీ రెండు వేళ్ళంత దించింది, వినడానికి, కనపడనప్పుడు చెవులే దిక్కు, మలుపు మలుపుకీ హారను కొడుతోంది, కొట్టి వింటోంది, రోడ్డంచున తెల్లగీత పట్టుకుని గోడ పట్టుకున్న మనిషిలా నడుస్తోంది కారు. వాసన వస్తోంది, తడి మట్టి, తడి ఆకులు, దాని తల నూనె. మా వాడు చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను కదలనిచ్చేవాడు కాదు, చీర కొంగు పిడికిట్లో పట్టుకుని పడుకునేవాడు, నేను లేస్తే ఆ పిడికిలితో సహా లేచేది కొంగు, పాప ఇప్పుడు ఎవరి కొంగు పట్టుకుంటుంది, మేనమామకి కొంగెక్కడిది. ఆ ఆలోచనకి నవ్వొచ్చింది, నవ్వుతున్నాను, అప్పుడే తెల్లదనంలో నల్లగా ఏదో గట్టిపడింది, గోడా, కాదు, ట్రాక్టరు, వెనక దీపాల్లేని ట్రాక్టరు రోడ్డు మధ్యలో చచ్చి పడి ఉంది, నా కాలు దబ్బున పోయింది, అడుగు రేకు మోగింది, ఏమీ లేదు, అక్కడ ఏమీ లేదు, నాకిక చెయ్యడానికి ఏమీ లేదు, కళ్ళు మూసుకున్నాను. ఎందరికో చెప్పాను కళ్ళు మూసుకోవద్దని.

కుదుపు లేదు. తొక్కి, వదిలి, తొక్కి, జారనివ్వకుండా, ఉయ్యాల ఆపినట్టు ఆపింది. కళ్ళు తెరిస్తే ట్రాక్టరు వెనక చెక్క మీద వాన నీళ్ళు కారడం కనపడుతోంది, అంత దగ్గర కాదు, చాలినంత దూరం. కోడలు చెయ్యి నా మోకాలి మీద ఉంది.

"ఆగాం అత్తయ్యా. ఆగిపోయాం."

"ఆగాం," అన్నాను. వెనకొచ్చేవాళ్ళకి కనపడాలని నాలుగు దీపాలూ మిణుకుమనేలా పెట్టింది, హారను కొట్టింది, చెవి పెట్టింది, ఎదర ఏమీ లేదని తేల్చుకుని ట్రాక్టరుని చుట్టి మళ్ళీ తన పక్కకొచ్చి ఆ దీపాలు ఆపేసింది. నా బ్రేకే ఆపిందనుకుంటుందేమో పిచ్చిపిల్ల అనుకున్నాను, అనుకుంటే అనుకోనీ, చేరాక చెప్తాను, నువ్వే ఆపావు, మొదట్నుంచీ నువ్వే అని చెప్తాను, ఆ మాట చెప్పడానికి తొందరగా ఉంది నాకు, బడిలో మొదటి మార్కులొచ్చిన పిల్ల ఇంటికి పరిగెత్తుతుందే అలా ఉంది, మార్కులు దానివి, తొందర నాది.

దిగుడు మొదలైంది. రెండో గేరులో దింపింది, ఇంజను గుర్రుగుర్రుమంటూ బరువంతా తనే పట్టుకుంది, బ్రేకుని ఊరికే వేడెక్కనివ్వలేదు. మబ్బు పైన ఉండిపోయింది. కింద ఎండ, తడి రోడ్డంతా అద్దమై ఎండని మొహం మీద కొడుతోంది, అద్దం పైనున్న ఎండ అడ్డుపలక దించుకుని వేగం తగ్గించింది, వాన వెలిసిందని జోరు పెంచేవాళ్ళు ఇక్కడే పోతారు, అది నా పాఠాల్లో ఆఖరిది, ఆ పాఠం వచ్చేసరికి చాలామంది లైసెన్సు వచ్చేసిందని మానేస్తారు. ఇది మానలేదు. మేనమామ వాళ్ళ వీధి, పచ్చ గేటు, ఆరేసిన బట్టలు తడిసి వేలాడుతున్నాయి, కారు ఆపింది, చేతి బ్రేకు లాగింది, గేరు వేసింది, తాళం తీసింది, దానికున్న నీలం పూసని అరచేతిలో మూసుకుంది.

నేను దిగేసరికి డిక్కీ తెరిచింది, సంచి తీయడానికి. పాప మందులూ, పాప దిండూ ఉన్న సంచి. సంచి కింద ఒక పొడుగాటి మూట. నా తువ్వాలే, దండెం మీద ఉండాల్సిన నా పసుపు తువ్వాలు, శ్రద్ధగా చుట్టి రెండు చోట్ల ముడేసి ఉంది, చివర్న ఇనుము కనపడుతోంది.

"ఇదేమిటి?" అన్నాను, అదేమిటో తెలిసి.

"కడ్డీ," అంది. దొరికిపోయినట్టు నాలిక కరుచుకుంది. "బయల్దేరేముందు సంచి పెడుతుంటే కనపడింది. కదిలితే చప్పుడవుతుందని చుట్టాను."

"అయితే?"

"చప్పుడైతే మీకు తెలిసిపోతుంది కదత్తయ్యా. బ్రేకు లేదని తెలిస్తే మీరు భయపడతారు. చెయ్యి అసలే నొప్పి."

బయల్దేరేముందే. అంటే తాళం తిప్పేటప్పుడే తెలుసు, ఎర్ర దీపం దగ్గర తెలుసు, నీళ్ళలో తెలుసు, బంకు దగ్గర నా కాలు చూసి తీసెయ్యమన్నప్పుడు తెలుసు. నేను చేసిన పాఠమంతా గాల్లో కాలు ఊపడం, అది చూస్తూ ఊరుకుంది, నన్ను కాస్తూ వచ్చింది. మీరు పక్కన కూర్చోండి చాలు అంది, నేనేమో బ్రేకు గురించి అందనుకున్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, మంచి చేత్తో దాని తల మీద ఒక్కటిచ్చి, అదే చేత్తో దగ్గరికి లాక్కున్నాను, వీధిలో, గేటు ముందు, మేనమామ చూస్తుండగా.

లోపల పాప వాళ్ళమ్మని చూడగానే మంచం దిగి వచ్చేసింది, నిప్పులా ఉంది ఒళ్ళు, వాళ్ళమ్మ భుజం మీద మొహం పెట్టి గ్లాసుడు నీళ్ళు తాగింది, తాగి కొంగు పిడికిట్లో పట్టుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచి నన్ను చూసింది.

"ఇంటికెళ్ళేటప్పుడు ముందు సీట్లో కూర్చుందాం నాయనమ్మా. నేను నీ ఒళ్ళో."

"కాదమ్మా. మనిద్దరం వెనక, బెల్టు పెట్టుకుని, హాయిగా నిద్రపోతూ."

"మరి ముందెవరు?"

"ముందు మీ అమ్మ ఉంది కదే," అన్నాను.